మౌనం పట్టిన పైడమ్మ

ఆశ్రమం నడిపే పెద్దమ్మగారు, ఎవరేమడిగినా వెంటనే బదులు చెప్పేవారు కారు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చి ఊరుకునేవారు. ఆశ్రమంలో అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా కరోనా ఏడాది, గేటుకి తాళం పడ్డాక, పైడమ్మ అడగకుండా ఉండలేకపోయింది.

పైడమ్మ అన్నదానం పంక్తిలో వడ్డించే మనిషి. గరిటె పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి పేరుపేరునా కేకేస్తూ తిరిగితేనే ఆమెకి రోజు గడిచినట్టు. ఇప్పుడు పంక్తి లేదు. చాపలు చుట్టి అటకెక్కించారు. ఆశ్రమంలోనే ఉండే వరహాలమ్మ మాత్రం అరుగుమీద పాతచీరలతో బొంత కుట్టుకుంటూ, ఏదో సన్నగా పాడుకుంటూ, పండగలో ఉన్నట్టే ఉంది.

"తీరిక అందరికీ ఒక్కలాగే వచ్చింది కదండీ పెద్దమ్మగారూ," అంది పైడమ్మ. "ఆవిడకి మనసు నిండిపోతోంది. నాకు ఊపిరాడటం లేదు. తప్పు నా పుట్టుకలోనే ఉందంటారా?"

"రేపట్నుంచి గౌరయ్యకి అన్నం నువ్వు పట్టుకెళ్ళు," అన్నారు పెద్దమ్మగారు.

గౌరయ్య తాత ఆశ్రమం తోటమాలి. జబ్బు సోకి, పశువులపాక పక్కగదిలో విడిగా ఉన్నాడు. అప్పటిదాకా వరహాలమ్మ పళ్ళెం తీసుకెళ్ళి, గుమ్మంలో స్టూలుమీద పెట్టి, మాటాపలుకూ లేకుండా తలుపు తట్టి వచ్చేసేది. పళ్ళెం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది.

పైడమ్మ తనకి తోచిన అర్థం తాను తీసుకుంది. వరహాలమ్మ పని తనకిచ్చారంటే వరహాలమ్మలా ఉండమనే కదా అనుకుంది. ఎవరూ చెప్పకుండానే మౌనం పట్టింది. మూతికి మాస్కు, దానికింద బిగబట్టిన పెదాలు. పళ్ళెం పెట్టడం, తలుపు తట్టడం, దూరంగా నిలబడటం. అన్నం అలాగే ఎండిపోయేది.

మూడోనాడు ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసి, "ఊపిరి బాగానే ఉంది. కడుపులోకి ఏమీ పోకపోతే మాత్రం మనిషి నిలవడమ్మా," అని చెప్పి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం పైడమ్మ పళ్ళెం పెట్టి, దూరంగా జరిగి, కిటికీలోంచి చూసింది. తాత గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపు ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పైడమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది.

"పప్పండీ, పప్పు! మామిడికాయ పప్పు! నెయ్యొస్తోంది, అన్నం గుంట చేసుకోండి!"

గోడవైపున్న తల ఇటు తిరిగింది.

"ఎవరే అది? పంక్తి వేసేశారా?"

"ఎప్పుడో వేశాం తాతా. నువ్వొక్కడివే కూర్చోలేదు. లే!"

"నాలిక చచ్చిపోయిందే పైడీ. మట్టి తిన్నా ఒకటే, పప్పు తిన్నా ఒకటే. ఏం తింటున్నానో తెలీదు."

"నేను చెప్తాను కదా, నువ్వు తిను. ఇదిగో, గుమ్మడికాయ పులుసు! బెల్లం వేశాం!"

స్టూలు లోపలికి ఈడ్చుకున్న చప్పుడైంది. చాలాసేపటికి, "మజ్జిగేదే?" అన్నాడు తాత.

"ముందు పులుసు కానీ. రైలెక్కాలా ఏమిటి?"

అరుగుమీద వరహాలమ్మ సూది ఆపి వింటోంది. "ఆ పిలుపు నాకు చేతకాదక్కా. ఎంత ప్రయత్నించినా గొంతు పెగల్లేదు," అంది మెల్లిగా. అప్పుడు గుర్తొచ్చింది పైడమ్మకి తన మౌనం. గతుక్కుమని నోటిమీద చెయ్యేసుకుంది.

ఖాళీ పళ్ళెం బయటికొచ్చాక, వేడినీళ్ళతో కడిగి బోర్లించి, తల వంచుకుని పెద్దమ్మగారి గుమ్మం ముందు నిలబడింది.

"మౌనం పట్టానండి. నిలుపుకోలేకపోయాను. ఏం ప్రాయశ్చిత్తం చేసుకోమంటారు?"

పెద్దమ్మగారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

"రేపు చారులో ఏం వేస్తున్నారు?"

"మునక్కాడలండి."

"అయితే ఇంకొంచెం గట్టిగా పిలువు," అన్నారు పెద్దమ్మగారు. "ఇవాళ పులుసు నా గదిదాకా సరిగ్గా వినపడలేదు."