తోడల్లుడి జ్వరం

పైడిరాజు ఇంకో మేళం చూసుకుంటున్నాడు. ఆ సంగతి గురువుగారికి తెలియకూడదు. చిక్కంతా అక్కడే ఉంది.

గురువుగారంటే లచ్చన్నదాసుగారు. హరికథలు చెబుతారు. మీసాలు రాని వయసులో ఆయన దగ్గర చేరిన పైడిరాజు, ఇప్పుడు ఆయన పక్కనే కూర్చుని మృదంగం వాయిస్తాడు. నేర్పించిందీ ఆయనే, అన్నం పెట్టిందీ ఆయనే.

అయితే దాసుగారిని పిలిచే ఊళ్ళు తగ్గిపోయాయి. దానికి తోడు ఈ మధ్య కథలో ఆగిపోతున్నారు. ఎన్నోసార్లు పాడిన పద్యమే, రెండో పాదం దగ్గర మాట దొరకదు. అప్పుడు పైడిరాజు మృదంగం మీదికి వంగి, జనానికి వినబడకుండా ఆ మాట అందిస్తాడు. ఆయన అందుకుని సాగిపోతారు. దీన్ని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇంట్లో పైడిరాజు భార్యకు నెలలు నిండాయి.

"వరహాలమ్మ భాగవతారిణి మేళానికి ఏడాది పొడుగునా కథలేనట. నెల జీతమట. ఒకసారి వెళ్ళి వాయించి వస్తే నీ సొమ్మేం పోయింది?" అంది ఆవిడ.

వెళ్ళాడు. గురువుగారితో మాత్రం, "మా తోడల్లుడికి జ్వరమండి, చూసి వస్తాను" అని చెప్పాడు.

వరహాలమ్మగారి శ్రుతి ఎక్కువ. దాసుగారి గొంతుకు అలవాటు పడ్డ మృదంగాన్ని రాయితో అంచు చుట్టూ కొట్టి కొట్టి ఆవిడ గొంతుకు బిగించాడు. ఆవిడ విని సంతోషపడి, శ్రావణం నుంచి వచ్చేయమంది. ఆ సంబరంలో మృదంగాన్ని మళ్ళీ గురువుగారి శ్రుతికి దించడం మరిచాడు. తిరుగు బస్సు దారిలో ఆగిపోయింది. సాయంత్రం కథ ఉన్న పందిరికి అతను చేరేసరికి దాసుగారు గజ్జెలు కట్టుకుని, చిడతలు చేతబట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఏరా, మీ తోడల్లుడికి ఎలా ఉంది?"

"తగ్గిందండి."

అంటూనే గుడ్డసంచీ విప్పి, అలవాటు కొద్దీ మృదంగం మీద ఒక దెబ్బ వేశాడు. ఖంగుమని మోగింది.

దాసుగారు తల పక్కకు వంచి విన్నారు.

"తగ్గలేదురా. పెరిగినట్టుంది."

శ్రుతి దించని సంగతి పైడిరాజుకు అప్పుడు గుర్తొచ్చింది. రాయి కోసం సంచీలో తడుముకున్నాడు. ఈలోగా దాసుగారు హార్మోనియం సింహాచలం వైపు తిరిగారు.

"శ్రుతి పెంచవయ్యా. మృదంగం ఎక్కడుందో అక్కడికి."

"అంత పైకి మీ గొంతు అందదు బాబూ."

"అందినంత అందుతుంది. కానివ్వవయ్యా."

ప్రార్థన ఎలాగో గడిచింది. మొదటి కీర్తనలో పైకి వెళ్ళే చోట దాసుగారి మెడ నరాలు తేలాయి. గొంతు పగిలింది. ఆయన దగ్గి, మళ్ళీ అదే చోటు అందుకున్నారు. మళ్ళీ పగిలింది.

ముందు వరసలో ఒకాయన పక్కవాడితో అననే అన్నాడు. "ముసలాయన పని అయిపోయింది. వచ్చే ఏడు ఇంకెవరినైనా పిలవాలి."

ఆ మాట పైడిరాజు విన్నాడు. దాసుగారూ వినే ఉంటారు. ఆయన ముఖంలో కోపం లేదు. మృదంగం ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలో పాడుతున్నారు, అంతే.

పైడిరాజు వాయించడం ఆపేశాడు. రాయి తీశాడు. అంతమంది ముందు, మృదంగాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని, అంచును కింది నుంచి పైకి కొడుతూ వదులు చేయసాగాడు. ఇదేమిటని జనం మెడలు సాచి చూశారు.

దాసుగారు పాట ఆపి, చిడతలు నడుముకు దోపుకున్నారు.

"అమ్మలారా, అయ్యలారా, ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. ఒక ఊళ్ళో ఒకాయన తోడల్లుడికి జ్వరం వచ్చింది..."

జ్వరం చూడవచ్చిన వైద్యుడికి అంటుకుంది. వైద్యుడి గుర్రానికీ అంటుకుంది. గుర్రం మూలుగు ఎలా ఉంటుందో దాసుగారు చేసి చూపించారు. పందిరంతా కడుపులు పట్టుకుని నవ్వుతోంది. తల ఎత్తకుండా రాయితో కొడుతున్నవాడు పైడిరాజు ఒక్కడే. ఆయన గుర్రాన్ని వదిలి గుర్రపువాడిని పట్టుకున్నారు, వాడిని వదిలి వాడి అత్తగారిని పట్టుకున్నారు. కథ సాగుతూనే ఉంది.

చివరకు పైడిరాజు వేసిన దెబ్బకు మృదంగం పాత మోత మోగింది.

"జ్వరం దిగిపోయింది" అన్నారు దాసుగారు. సింహాచలం నవ్వుతూ శ్రుతి దించాడు.

ఆ తర్వాత ఆయన పాడుతుంటే, వచ్చే ఏడు సంగతి ఎత్తిన పెద్దమనిషి ఇంకాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు.

హారతి అయ్యాక, పందిరి వెనక పైడిరాజు గురువుగారి కాలి గజ్జెలు విప్పుతున్నాడు.

"గురువుగారూ, మా తోడల్లుడు..."

"గుండ్రాయిలా ఉండి ఉంటాడులే. ఆ శ్రుతి వరహాలమ్మదే. ఆవిడ ఏమంది?"

"శ్రావణం నుంచి రమ్మన్నారు."

"మంచి మేళం. వెళ్ళు. బిడ్డ పుట్టబోయే ఇల్లు."

పైడిరాజు చేతులు ముడి దగ్గరే ఆగాయి.

"నేను పోతే మీకు మాట ఎవరు అందిస్తారండి?"

ఆ సంగతి ఇద్దరి మధ్యా పైకి రావడం అదే మొదలు.

"మరిచిపోయిన చోట పిట్టకథ చెప్పుకుంటాను" అన్నారు దాసుగారు. రెండో కాలు ముందుకు చాపారు. "శ్రావణం దాకా మాత్రం నా శ్రుతిలో ఉండు."