రాముడింకా తాగని పానకం

తెలివితేటల మాటొస్తే ములగలపాలెంలో నేరెళ్ళవారి తర్వాతే ఎవరైనా. ఈ మాట ఊరు అనదు తల్లీ, నేరెళ్ళవారే అంటారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఇంటి పెద్ద గవర్రాజు అంటాడు కదా, "ఒరే, మన ఇంట్లో ఉన్నంత బుద్ధి ఊళ్ళో ఎక్కడా లేదు. ఇది బయటికి పోకుండా చూసుకోవాలి." అంతే, తమ్ముడు నూకరాజు లేచి వీధి తలుపు గడియ పెట్టేస్తాడు. గవర్రాజు భార్య సూరమ్మ కిటికీలు మూసేస్తుంది. ముగ్గురూ చీకట్లో కూర్చుని, ఇవాళ ఒక్క చుక్క బుద్ధి కూడా బయటికి కారలేదని సంతోషిస్తారు.

నవ్వకండి. బుద్ధి సంగతి ఎలా ఉన్నా వాళ్ళ భక్తికి వంక పెట్టడానికి లేదు. అందులోనూ సూరమ్మ భక్తికి.

వాళ్ళది కాలవగట్టు వీధి. ఏటా శ్రీరామనవమికి ఆ వీధిలో ఒక్కో ఇంటికి ఒక్కో ఏడు వంతు వస్తుంది. పానకం, వడపప్పు, ఎండలో కళ్యాణం చూసేవాళ్ళకి తాటాకు విసనకర్రలు, అన్నీ ఇంట్లోనే చేసి అయినవాళ్ళకీ ఇరుగుపొరుగుకీ పంచాలి. బజార్లో కొన్నది చెల్లదు. సూరమ్మ కాపురానికొచ్చి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళలో ఆ వంతు ఆమె గుమ్మం దాకా వచ్చినట్టే వచ్చి, ఎదురింటి బంగారమ్మ గుమ్మం ఎక్కేసేది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా చేత్తో కలిపిన పానకం నా రామయ్యకి అందితే చాలు" అని పటం ముందు సూరమ్మ కన్నీళ్ళు పెట్టుకోని నవమి లేదు.

ఆ ఏడు గుడి పంతులుగారి భార్య సుభద్రమ్మగారికి జాలేసింది. నవమికి ముందు రోజు పొద్దున్నే వీధి ఆడవాళ్ళందరినీ పిలిచి చెప్పింది, "ఈసారి వంతు సూరమ్మది."

బంగారమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఆ కొంపకా పిన్నిగారూ? వాళ్ళ చేతిలో మంచినీళ్ళు కూడా మాడిపోతాయి!"

"పొయ్యి వెలిగించక్కర్లేని వంటే బంగారం! నీళ్ళలో బెల్లం కలపడానికి ఎంత తెలివి కావాలి?" అని సుభద్రమ్మగారు సూరమ్మ వైపు తిరిగింది. "కానీ సూరమ్మా, రెండు మాటలు గుర్తుంచుకో. రాముడికి నైవేద్యం కాకుండా పానకం ఎవరూ నోట పెట్టకూడదు. నైవేద్యం అయ్యాక వీధిలో ప్రతి ఒక్కరి నోట్లోనూ గుక్కెడైనా పడాలి. ఒక్కరికి అందకపోయినా, వంతు మళ్ళీ నీ గుమ్మం తొక్కదు."

తర్వాత ఏది ఎలా చెయ్యాలో చెప్పింది. సూరమ్మ ఒక్కో మాటకి ఒక్కో వేలు ముడిచి, చేతి వేళ్ళు అయిపోతే కాలి వేళ్ళు ముడిచి, కుంటుకుంటూ ఇంటికొచ్చింది.

గవర్రాజు అంతా విని గొంతు సవరించుకున్నాడు. "ఒరే నూకరాజూ, రాముడు తండ్రి మాట జవదాటాడా?"

"లేదన్నయ్యా."

"మనం పంతులమ్మగారి మాట జవదాటుతామా?"

"అడవికైనా పోతాం గానీ జవదాటం!" అని నూకరాజు బట్టలు మూట కట్టడం మొదలెట్టాడు. అడవికి కాదయ్యా, తాటాకులకి వెళ్ళమని సూరమ్మ తోసింది.

మొదటి పని విసనకర్రలు. "అచ్చం ఇలాగే ఉండాలి" అని సుభద్రమ్మగారు తన ఇంటి విసనకర్ర ఒకటి నమూనాకి ఇచ్చింది. గుండ్రంగా కోసిన తాటాకు, వెదురు పిడి, చుట్టూ ఎర్ర గుడ్డ అంచు. నిజం చెప్పుకోవాలి, సూరమ్మ చెయ్యి మంచిది. సాయంత్రానికి నలభై విసనకర్రలు ముచ్చటగా తయారయ్యాయి. అప్పుడు గవర్రాజు నమూనాని ఎండకేసి పట్టి చూశాడు. చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"సూరమ్మా! కొంప మునిగింది. దీనికి ఓ పక్క చిల్లుంది. మన వాటికి లేదు!"

"అది ఎలక కొరికిన చిల్లండీ."

"అచ్చం అలాగే ఉండాలన్నారా లేదా?"

"అన్నారు."

"అయితే కత్తెరతో చిల్లు పెట్టేద్దాం అన్నయ్యా" అన్నాడు నూకరాజు.

"ఓరి వెర్రినాగన్నా! కత్తెరతో పెడితే కత్తెర చిల్లవుతుంది గానీ ఎలక చిల్లు ఎలా అవుతుందిరా?"

ఎంత బుద్ధో చూడండి! ఇంకేముంది, నలభై విసనకర్రలకీ ఓ పక్కన నెయ్యి పూసి, అటక మీద వరసగా పేర్చారు. "తలా ఒక్క చిల్లు, అంతకన్నా వద్దు తల్లీ" అని సూరమ్మ అటక వైపు చూసి ఎలకలకి చెప్పి మరీ దిగింది.

తెల్లారి చూస్తే నలభై పిడులు ఉన్నాయి. ఆకు లేదు, అంచు లేదు.

గవర్రాజు ఒక పిడి తీసి ముచ్చటపడ్డాడు. "ఎంత శ్రద్ధగా చేశాయో చూడు! చిల్లు తప్ప ఇంకేమీ మిగల్చలేదు."

సూరమ్మకి మనసులో ఎక్కడో కలుక్కుమంది. అయినా మొగుడు అంత ధీమాగా చెబుతుంటే కాదనడం ఎలాగ? పిడులన్నీ బుట్టలో సర్ది, తలంటుకుని, వడపప్పు పనిలో పడింది.

"పప్పు పూర్తిగా మునిగేదాకా నీళ్ళు పొయ్యి." ఇదీ సుభద్రమ్మగారి మాట. గంగాళంలో పెసరపప్పు పోశారు, నీళ్ళు పోశారు. పప్పంతా మునిగింది. ఒక్క పుచ్చు గింజ మాత్రం పైన తేలింది.

"వదినా, ఇదింకా మునగలేదు!"

"పొయ్యి మరి."

ఇంకో బిందె పోశాడు. గింజ నీళ్ళతో పాటు పైకొచ్చింది. ఇంకో బిందె. ఇంకా పైకొచ్చింది. గంగాళం నిండి పొర్లుతోంది, గింజ అంచు మీద రాణీగారిలా తిరుగుతోంది.

గవర్రాజు చేతులు జోడించాడు. "చూడమ్మా, నవమి పూట. మొండికెయ్యకు. నీ తోటివాళ్ళంతా బుద్ధిగా మునిగారా లేదా?"

గింజ వినలేదు. "మెల్లిగా పోస్తుంటే లెక్కచెయ్యట్లేదన్నయ్యా, పైనుంచి పోస్తే దిగుతుంది" అని నూకరాజు నిచ్చెనెక్కి, ఇంట్లో మిగిలిన ఆఖరి బిందె ఎత్తి ధభాల్న కుమ్మరించాడు. అంతే. గంగాళం బోర్లాపడింది. పప్పు పెరడంతా పరుచుకుంది. బంగారమ్మగారి కోళ్ళు గోడ దూకి వచ్చి, శాస్త్రానికి ఒక్క గింజ కూడా మిగల్చకుండా తినేశాయి.

సూరమ్మ చతికిలబడింది. "వడపప్పు పోయింది కదయ్యా!"

"బాధపడకు వదినా" అన్నాడు నూకరాజు. "ఆ మొండి గింజని నల్లకోడి మింగడం నేను కళ్ళారా చూశాను. దాని కడుపులో మునిగే ఉంటుంది."

ఇక మిగిలింది పానకం ఒక్కటే. సూరమ్మ కొంగు బిగించి వంటింట్లోకి పరిగెత్తింది. తప్పేలా నిండా దంచిన బెల్లం. నేల మీద చీమల బారు. అటక మీద నెయ్యి రుచి మరిగిన ఎలకలు కిందికి తొంగిచూస్తున్నాయి. ఆమెకి గబుక్కున కాలి బొటనవేలు గుర్తొచ్చింది. "బెల్లం గిన్నె చుట్టూ నీళ్ళు ఉండాలన్నారండీ! అప్పుడు చీమ చేరదన్నారు!"

నీళ్ళేవీ? బిందెలన్నీ పప్పుకే అయిపోయాయి.

"కాలవ నుంచి తెస్తాను" అని నూకరాజు బిందె అందుకున్నాడు.

గవర్రాజు పకపకా నవ్వాడు. "కాలవని ఇంటికి మోస్తావురా? ఎన్నిసార్లు తిరుగుతావు? బెల్లాన్ని కాలవకి మోస్తే ఒక్కసారితో పోదూ?"

ఇలాంటి మాట మనకెవరికైనా తట్టిందా ఇన్నేళ్ళలో?

నూకరాజు గుండెల్లోతు నీళ్ళలోకి దిగి తప్పేలాని కాలవ నడిమధ్యన వదిలాడు. నాలుగు వైపులా నీళ్ళే. "ఇప్పుడు రమ్మను చీమల్ని!" అని గవర్రాజు మీసం తిప్పాడు. తప్పేలా ఒకసారి ఊగింది, ఒకసారి తిరిగింది, బుడబుడమంటూ మునిగిపోయింది.

సూరమ్మ శోకండాలు పెట్టింది. "అయ్యో నా రామయ్యా! పన్నెండేళ్ళకి నీ పానకం..."

"ఏడుపాపవే! పానకమంటే ఏంటి?"

"బెల్లమూ నీళ్ళూ."

"బెల్లం ఎక్కడుంది?"

"నీళ్ళల్లో."

"మరింకేం కావాలే నీకు?"

సూరమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. కాలవకేసి చూసింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, కళ్ళు చాలనంత పానకం! ఏ బంగారమ్మ చేసింది ఇంత పానకం? చెంగున లేచి మిరియాల పొడి, యాలకుల పొడి తెచ్చి గట్టు మీంచి పిడికిళ్ళతో చల్లింది. నూకరాజు వెదురు గడతో కలిపాడు. గవర్రాజు పిడుల బుట్ట నెత్తికెత్తుకుని కళ్యాణం పందిట్లో పంచడానికి వెళ్ళాడు.

"తీపి సరిపోయిందంటావా వదినా?"

"నోరు కడుక్కో! రాముడింకా తాగలేదు, రుచి చూస్తామా?"

సరిగ్గా అప్పుడే సూరమ్మ ఒక ఘోరం కనిపెట్టింది. నీళ్ళ మీద యాలకుల పొడి మెల్లగా కిందికి, పక్కూరి వైపు జరుగుతోంది.

"మరిదీ! పానకం వెళ్ళిపోతోంది!"

ఇద్దరూ గట్టు వెంట పరుగో పరుగు. వంపు దగ్గర గేదెలు నీళ్ళలో మూతులు పెట్టాయి. "ఎంగిలి! ఎంగిలి! రాముడింకా తాగలేదు!" అని నూకరాజు తోకలు పట్టి లాగాడు. ఇంకాస్త ముందు ఒక పెద్దాయన పుక్కిలించడానికి దోసిలి పట్టాడు. సూరమ్మ వెళ్ళి ఆ దోసిలి విదిలించింది. "తప్పు తాతగారూ! మీకన్నా ముందు రామయ్య ఉన్నాడు." ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

మైలు దూరంలో లాకు ఉంది. కాలవ నీళ్ళు ఆపే తలుపులు, వాటిని దించడానికి చక్రమూ ఉన్నాయి. కాపలా మనిషి కళ్యాణం చూడ్డానికి పోయాడు. ఇంకేముంది! వదినా మరిదీ చెరో వైపు వేలాడి చక్రం తిప్పి తలుపులు దించేశారు. "ఇక ఎక్కడికి పోతుందో పోనీ" అని చేతులు దులుపుకుని, పానకం తయారని చెప్పడానికి పందిరికి బయల్దేరారు.

పందిట్లో తలంబ్రాలు అయిపోయాయి. జనం ఎండకి మాడుతూ చేతిలో పిడులు పట్టుకుని కూర్చున్నారు.

"దీంతో గాలెలా వస్తుందయ్యా గవర్రాజూ?" అంటోంది బంగారమ్మ.

"మీరు ఊపుతూ ఉండండి వదినగారూ. గాలి వచ్చినప్పుడు అదే వస్తుంది."

సుభద్రమ్మగారు సూరమ్మని చూడగానే లేచింది. "నైవేద్యం వేళ దాటిపోతోంది. పానకమేదే?"

"కాలవలో ఉందండీ. చాలా ఉంది. రామయ్యని ఒక్కసారి గట్టుదాకా తీసుకొస్తే..."

"కాలవలోనా!" సుభద్రమ్మగారు నుదురు కొట్టుకుంది. "నాదే బుద్ధి తక్కువ. చూడు సూరమ్మా, ఇక ఈ వంతు..."

"చెప్పానా పిన్నిగారూ!" అంది బంగారమ్మ.

సూరమ్మ విగ్రహం వైపు తిరిగి చేతులు జోడించింది. "స్వామీ, నేను తేలేకపోయాను. నువ్వు రాలేవు. ఇంకెలా తండ్రీ?"

అప్పుడు బంగారమ్మ చెప్పు ఒకటి తేలుకుంటూ ఆమె ముందు నుంచి వెళ్ళింది.

మూసిన కాలవ ఊరుకుంటుందా? గట్టు పొర్లింది, వీధిలోకి వచ్చింది, చాపలు లేపింది, చీలమండలు దాటింది, మోకాళ్ళు తాకింది. జనం కెవ్వున లేచి నిలబడ్డారు. నీళ్ళు మెట్టు మెట్టుగా వేదికెక్కి, అందరూ చూస్తుండగా సీతారాముల పాదాలు తాకాయి.

సూరమ్మ కళ్ళు ధారలు కట్టాయి. "నా తండ్రీ! నేను తేలేనని పానకాన్నే పిలిపించుకున్నావా!"

పంతులుగారికి ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ గంట వాయించి నైవేద్యం మంత్రం చదివేశారు.

గంట ఆగింది. సూరమ్మ కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. చూసి గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో! నైవేద్యమయ్యాక ఇది ప్రసాదం కదండీ! అందరూ ప్రసాదం తొక్కుతున్నారు!"

జనం పంతులుగారి వైపు చూశారు. ఆయన గడ్డం నిమురుకున్నారు. చదువుకున్న మనిషి, తెలియదనకూడదు. "శాస్త్రం ప్రకారం... నిజమే. ప్రసాదం తొక్కరాదు."

అందరికన్నా ముందు బంగారమ్మే కాలెత్తింది, భక్తిలో తానెక్కడ తగ్గిపోతానోనని. ఆమెని చూసి పక్కావిడ. సుభద్రమ్మగారు, పంతులుగారు, లాకు కాపలా మనిషి, మహా తెలివైన ములగలపాలెం పెద్దలంతా కాలవగట్టు కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డారు.

నూకరాజు వంగి నీళ్ళలోకి చూశాడు. "వదినా, రెండో కాలు ఇంకా తొక్కుతూనే ఉందే!"

"నిజమేనర్రా!" అన్నారు పంతులుగారు. "రెండోది కూడా ఎత్తండి!"

అంతే. ఊరు ఊరంతా ఒక్కసారిగా రెండో కాలు కూడా ఎత్తింది.

ధబ్బున చప్పుడుకి పందిరి గుంజలు కదిలాయి. అందరూ మునిగి, అందరూ తేలి, అందరూ గుటకలు వేశారు. సూరమ్మ జుట్టు పిండుకుంటూ లేచి ఒక్కొక్క నోటినీ లెక్కపెట్టింది. గుక్కెడు పడని నోరు ఒక్కటి లేదు. సుభద్రమ్మగారు మెడలోతు నీళ్ళలో కూర్చుని కళ్ళు ఎర్రబడేలా దగ్గుతోంది. మాట్లాడబోతే దగ్గు, సూరమ్మ వైపు వేలు చూపించబోతే ఇంకా దగ్గు.

సూరమ్మ గబగబా వెళ్ళి ఆమె వీపు నిమిరింది.

"మిరియాలు కాస్త ఎక్కువయ్యాయండీ. వచ్చే ఏడు తగ్గిస్తాను."