మసి పూయని కట్ట

చయనులుగారికి ఒక అలవాటు ఉండేది. శాస్త్రం అడిగితే కూర్చోబెట్టి పొద్దుగూకేదాకా చెప్పేవారు. కన్నీళ్ళతో అడిగిన ప్రశ్నకు మాత్రం ఎప్పుడూ జవాబు చెప్పేవారు కారు. గోడకు తగిలించిన గొడుగు తీసి, "పద, అలా వెళ్ళొద్దాం" అనేవారు. ఆ గొడుగు చేతికొచ్చిందంటే ఆ పూటకు పాఠం లేదనీ, ఎండలో నడక ఉందనీ మాకు తెలిసిపోయేది. నాకైతే పాఠమే నయమనిపించేది.

ఆ వేసవిలో గొడుగు తీయించినవాడు భుజంగరావు. మాతోపాటు చదువుకునేవాడే, మాకంటే వయసులో పెద్ద. భార్య కనకాంగి పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆవిడ కూతురు మాణిక్యాన్ని నిద్రపుచ్చడానికి తనే ఒక జోలపాట కట్టుకుంది. "గట్టుమీది గువ్వా, నీ గూడు తడిసెనా" అని మొదలవుతుంది. అది ఎక్కడా రాసి లేదు, బయటివాళ్ళెవరికీ రాదు. ఆవిడ పోయాక భుజంగరావు రోజూ తెల్లవారుజామున ఏటి ఒడ్డున కూర్చుని ఆ పాట తనలో తాను పాడుకునేవాడు. ఎవరైనా వస్తున్న అలికిడైతే చాలు, దొంగసొత్తులా నోట్లోనే దాచేసేవాడు. స్నానానికి వెళ్ళినప్పుడు చెట్ల చాటునుంచి నేను చాలాసార్లు విన్నాను. గువ్వ దగ్గర మొదలుపెట్టి కాసేపు సాగి, మళ్ళీ గువ్వ దగ్గరికే వచ్చేవాడు.

ఆ రోజు పొద్దున్నే వచ్చి గురువుగారి ఎదుట కూలబడ్డాడు.

"నిన్న సాయంత్రం మాణిక్యం ఆ పాట అందుకుందండీ. బొమ్మని ఒళ్ళో వేసుకుని, వాళ్ళమ్మలాగే ఊపుతూ పాడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోర్ముయ్యమని కసిరాను. పిల్ల బెదిరిపోయి అన్నం కూడా తినకుండా పడుకుంది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అది కనకం గొంతులో పుట్టిన పాట గురువుగారూ. ఇంకో గొంతు తగిలితే చెడిపోతుందని నా భయం. పోయినవాళ్ళది ఒక్కటంటే ఒక్కటి మన దగ్గర మిగిలితే, దాన్ని ఎవరి చెయ్యీ పడకుండా దాచుకోవడం తప్పా?"

చయనులుగారు లేచి గొడుగు తీశారు. "నాకు అవతలి ఒడ్డున ఒక పనుంది. నువ్వూ రా" అన్నారు. నా వైపు చూసి, "నువ్వు కూడా" అన్నారు. నేనేం ప్రశ్న అడిగానని!

పడవ దిగాక బజారు చివరిదాకా నడిపించారు. అక్కడ ఒక బియ్యం వర్తకుడు తన కొట్టు వెనక రెండు గదులు ఇస్తే, పాండురంగం అనే కుర్రపండితుడు వాటిలో తాళపత్రాల ప్రదర్శనశాల నడుపుతున్నాడు. గదుల నిండా కర్పూరం, వస కలిసిన వాసన. అద్దాల పెట్టెల్లో జాతకాలు, వైద్యాలు, యక్షగానాలు, ఎవరివో భూమి తగాదాలు. ఓడల్లో తిరిగినవాడెవరో ఇచ్చాడట, ఈజిప్టు దేశపు రెల్లుతో చేసిన పాపిరస్ ముక్క కూడా ఒకటి చట్రంలో బిగించి ఉంది. దాని మీద ఏముందో పాండురంగానికీ తెలియదు. అయినా రోజూ దాని దుమ్ము తుడుస్తాడట. గుమ్మం దగ్గర ఎర్ర రంగుతో "వస్తువులను తాకరాదు" అని పెద్ద పలక వేలాడదీశాడు. ఆ పలక కింద చాప మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

"వచ్చావా చయనులూ" అందావిడ, అడుగుల చప్పుడు విని. కళ్ళకు పొరలు కమ్మి చాలాకాలమైంది.

"వచ్చాను పిన్నిగారూ" అని గురువుగారు ఆవిడ పక్కనే చతికిలబడ్డారు.

ఆవిడ పేరు భ్రమరాంబ. ఆవిడ కథ పాండురంగం మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పాడు. తాటాకు మీద రాయడమంటే ఇనుప గంటంతో గీయడమే. గీసినప్పుడు అక్షరం కంటికి ఆనదు. రాత అంతా పూర్తయ్యాక దొండాకు పసరులో దీపపు మసి కలిపి ఆకంతా పూసి తుడిచేస్తే, గీతల్లో మాత్రం మసి నిలిచి అక్షరాలు నల్లగా తేలతాయి. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు విస్సన్న కుర్రతనంలోనే ఒక కావ్యం మొదలుపెట్టాడు. దేని గురించిరా అని తల్లి అడిగితే, "పూర్తికానీ అమ్మా, నా చేత్తోనే మసి పూసి నీకు చదివి వినిపిస్తాను. అందాకా ఎవరికీ చూపించకు" అన్నాడట. పూర్తి కాకముందే మశూచి వచ్చి పోయాడు.

ఆవిడకు చదువు రాదు. మసి పూయిస్తామని ఎందరో అడిగారు. ఒప్పుకోలేదు. వాడే పూస్తానన్నాడు కదా అనేది. మసి పూయనంతకాలం పుస్తకం పూర్తికానట్టే, పుస్తకం పూర్తికానంతకాలం రాసేవాడు మళ్ళీ వస్తాడన్నట్టే ఆవిడ లెక్క. రోజూ పనులు ముగిశాక కట్ట విప్పి, ఒక్కొక్క ఆకు మీదా వేళ్ళు నడిపేది. ఆ గీతలు వేలికి తగులుతుంటే కొడుకు చెయ్యి పట్టుకున్నట్టే ఉండేదట. ఏటి వరదకు ఇల్లు పడిపోయాక కట్టను తెచ్చి ఇక్కడ అప్పగించింది. ముడి విప్పేది తానేనని, ఇంకెవరూ విప్పకూడదని మాట తీసుకుంది. అప్పటినుంచీ రోజూ వచ్చి ఇక్కడే కూర్చుని తడుముకుని వెళుతుంది.

"ఈ పలక అందరికీ గానీ మామ్మగారికి కాదండి" అన్నాడు పాండురంగం. "తల్లిని వద్దనడానికి నాకు నోరు రాలేదు."

మరి ఇవాళ గురువుగారికి ఎందుకు కబురు పంపారని నేనడిగితే, జవాబు ముసలావిడే చెప్పింది. చెవులు మాత్రం పాము చెవులు.

"ఈ ఏడు దాటేలా లేను నాయనా. అక్కడికి పోయాక వాడు, 'అమ్మా, నా పుస్తకం చదివించుకున్నావా?' అని అడిగితే ఏం చెప్పను? అందుకే మసి పూయమన్నాను. చయనులు చదువుతాడు, నేను వింటాను. వాడేం రాశాడో ఒక్కసారి వినేసి పోతాను." 

ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం పెళ్ళికి బయలుదేరే మనిషి మొహంలా ఉంది. భుజంగరావు అప్పటికే కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

ఆవిడే ముడి విప్పింది. పాండురంగం మొదటి ఆకు తీసి పీట మీద పరిచి, మసిలో ముంచిన గుడ్డతో ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా పూశాడు. కాసేపాగి పొడిగుడ్డతో తుడిచాడు. ఎడమ చివర చక్కని గుండ్రని అక్షరాలు తేలాయి. కుడి చివరా తేలాయి. మధ్యలో ఏమీ లేదు. ఆకు అద్దంలా నున్నగా, పచ్చగా మెరుస్తోంది. పాండురంగం మళ్ళీ పూసి మళ్ళీ తుడిచాడు. మసి నిలవలేదు. రెండో ఆకు తీశాడు. మూడోది తీశాడు. అన్నీ అంతే. చివరల్లో మాటలు, మధ్యలో వేళ్ళు నడిచినంత మేరా ఖాళీ.

"చదవవేం చయనులూ?" అంది భ్రమరాంబగారు.

గురువుగారు ఆశువుగా ఎంత పద్యమైనా చెప్పగలరు. ఆ ఖాళీలో ఆయన ఏ కావ్యం అల్లి చదివినా ఆవిడకు తెలిసేది కాదు, సంతోషంగా వెళ్ళిపోయేది. నేనైతే అదే చేసేవాణ్ణి. చేసెయ్యండి మహానుభావా అని మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఆయన చేయలేదు.

"'తెల్లవారకముందే రేవులో' అని మొదలుపెట్టాడు పిన్నిగారూ. ఆకు చివర 'నన్ను పిలిచినట్టు' అని ఉంది."

"మధ్యలో?"

పాండురంగానికే ఏడుపు ఆగక, "మధ్యలో అక్షరాలు లేవండి మామ్మగారూ" అనేశాడు.

"లేకపోవడమేం? ఏం, చెదలు తిన్నాయా? నువ్వు కర్పూరం పెట్టలేదా?" ఆవిడ చెయ్యి చాచి ఆకు అందుకుంది. అలవాటైన వేలు అలవాటైన దారిలో నడిచింది. ఆవిడ మొహం తేటపడింది. "పిచ్చివాడా, ఇక్కడే ఉన్నాయి కదూ. నా వేలికి తగులుతున్నాయి. ఇదుగో, ఇక్కడ వంపు. ఇక్కడ చుట్టు. చూడు చయనులూ."

వేలి కింద ఉన్నది నున్నటి తాటాకు.

గురువుగారు మెల్లగా ఆవిడ వేలు పట్టుకుని ఆకు అంచు దగ్గర పెట్టారు. అక్కడ ఆవిడ ఎప్పుడూ తడమలేదు. గీత గంటం దిగినప్పుడు ఎలా ఉందో అలాగే వాడిగా ఉంది. ఆవిడ ఉలిక్కిపడింది. ఆయన వేలిని మధ్యకు తెచ్చారు. మళ్ళీ అంచుకు తీసుకెళ్ళారు. ఆ తర్వాత వదిలేశారు. ఈసారి ఆవిడే తన వేలిని అక్కడినుంచి ఇక్కడికీ, ఇక్కడినుంచి అక్కడికీ నడుపుకుంది. అలా చాలాసేపు కూర్చుంది.

"చెదలు కాదన్నమాట" అంది చివరికి. చూపుడువేలికి మసి అంటి నల్లగా ఉంది. దాన్ని చెంగులో దాచుకుంది. "నేనే మింగేశాను నాయనా. వాడు పోయిన రోజు మా అత్తగారు అన్న మాటే. కొడుకుని మింగేశావన్నారు. ఆవాళ కాదు గానీ, ఇవాళ నిజమైంది."

భుజంగరావు గబుక్కున లేచి బయటికి వెళ్ళి, ఆ ఎండలోనే నిలబడ్డాడు.

ఆవిడ మాత్రం కదల్లేదు. ఉన్నంతవరకే చదవమంది. పాండురంగం ఒక్కొక్క ఆకుకూ మసి పూయడం, గురువుగారు మొదటి మాటా చివరి మాటా చదవడం. "నీరెండలో", అంతే. "కొంగు పట్టుకుని", అంతే. ఒకచోట "ఓసి పిచ్చి అమ్మా" అని వచ్చింది. ఆవిడ చిన్నగా నవ్వింది. "అట్లాగే అనేవాడు. అది వాడి మాటే" అంది. ఆ తర్వాత నవ్వలేదు. అంతసేపూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అక్షరాలు ఉన్నచోట కూడా మళ్ళీ ముట్టుకోలేదు.

కట్ట పూర్తయ్యేసరికి ఎండ తగ్గింది. పాండురంగం కట్ట కట్టబోతూ, ముడి వేయమని తాడు ఆవిడ చేతికిచ్చాడు. "నువ్వే కట్టు" అందావిడ. లేచి, గోడ పట్టుకుని, ఎర్ర పలక కిందనుంచి బయటికి నడిచింది. మామ్మగారూ, రేపు వస్తారా అని పాండురంగం వెనకనుంచి అడిగాడు. ఆవిడ వినిపించుకోలేదు.

తిరుగు పడవలో ముగ్గురమే. గురువుగారు గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన మీద నాకు కోపంగానే ఉంది. ఒక ముసలితల్లికి అబద్ధమైనా దక్కనివ్వని సత్యం ఎందుకనిపించింది. ఆ మాట అడుగుదామనుకుంటూ ఉండగానే ఏటి నడుముకొచ్చాం. భుజంగరావు నీళ్ళవైపు తిరిగి, మేమున్నామన్న సంగతి మరిచిపోయి, అలవాటుకొద్దీ పాట అందుకున్నాడు. గట్టుమీది గువ్వా అన్నాడు. గూడు తడిసెనా అన్నాడు. ఆ చరణం చివరిదాకా వెళ్ళాడు. మళ్ళీ గట్టుమీది గువ్వా అన్నాడు.

"రెండో చరణం?" అన్నారు గురువుగారు, కళ్ళు తెరవకుండానే.

భుజంగరావు నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు, ఆ ఊపులో వస్తుందనుకున్నాడు కాబోలు. చరణం అంచుదాకా వచ్చి ఆగిపోయాడు. ఇంకోసారి ఎత్తుకున్నాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఉందండీ. రోజూ పాడుకుంటూనే ఉన్నానండీ. ఉంది..." అన్నాడు. ఆ మనిషి మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. నా కోపం ఏమైందో నాకే తెలియదు.

చయనులుగారు కళ్ళు తెరిచారు. అవతలి ఒడ్డున ఇళ్ళలో అప్పుడప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. ఆయన పడవవాడి వైపు తిరిగారు.

"కాస్త తొందరగా పోనీ నాయనా. వీళ్ళ పిల్ల ఇంకా నిద్రపోయి ఉండదు."