ముట్టకూడని వజ్రం

వెనకటికి ఒక రాజుగారి వజ్రాల గనికి శరభయ్య అనే అధికారి ఉండేవాడు. పొద్దుగూకి డోలు మోగేదాకా ఎవరైనా పని ఆపి పైకొస్తే కొరడా దెబ్బలే. వజ్రం కనబడితే కూలీలు ముట్టకూడదు, ఆయనే దిగి తీసుకోవాలి.

ఒక మధ్యాహ్నం గనిలో కప్పుకి ఆనించిన దూలం కిర్రుమంది. మట్టి పారబోయడానికి పైకొచ్చిన ఎల్లక్క, "దొరా, కప్పు కూలేట్టుంది. జనాన్ని పైకి రానియ్యండి" అంది.

"పని దొంగల్లారా! డోలు మోగిందా?" అని గొడుగు కింద నుంచే కసిరాడు శరభయ్య.

ఎల్లక్క లోపలికి దిగి, వెంటనే తిరిగొచ్చింది. "దొరా, గోడలో కోడిగుడ్డంత ఏదో మెరుస్తోంది. మేం ముట్టలేదు."

శరభయ్య గొడుగు పారేసి గబగబా దిగాడు. దూలం మళ్లీ కిర్రుమంది. ఆయన నెత్తిన మట్టి రాలింది.

"చచ్చాంరా! అందరూ పైకి పదండి!" అని అరుస్తూ అందరికంటే ముందు ఆయనే పరుగెత్తాడు.

ఆఖరి మనిషి పైకొచ్చాక కప్పు దబ్బున కూలింది. నలభై మంది కూలీలూ ఒకరినొకరు తడిమి చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"ఏమే, వజ్రమేదే?" అన్నాడు శరభయ్య రొప్పుతూ.

ఎల్లక్క తట్ట బోర్లించి, దాని మీద తీరిగ్గా కూర్చుంది.

"లోపలే ఉంది దొరా. మేం ముట్టకూడదుగా, తమరే దిగి తెచ్చుకోండి."