ఎదురింటి నూలు

అడిగిన ప్రశ్నకు చిదంబరం మాస్టారు సూటిగా జవాబు చెప్పిన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. పొద్దున్నే ఆయన ఇంట చేరి వేదాంతం చెప్పించుకునే మేం నలుగురం దానికి అలవాటు పడిపోయాం. కొత్తగా వచ్చిన పేర్రాజుకి ఇంకా ఆ సంగతి తెలియదు. పాపం, తిన్నగా అడిగేశాడు.

"మాస్టారూ, మా కొబ్బరిపీచు కాళ్లపట్టాలు పై దేశాలకి ఓడెక్కడం ఆగిపోయింది కదండీ. ప్రభుత్వం ఆదుకుంటానని నాకు కొత్త మిషను మంజూరు చేసింది. సంతోషించాలి. కానీ పక్క షెడ్డు వీరన్నకి నాకంటే ముందు ఇచ్చారు. అదే కడుపులో రగిలిపోతోంది. నాకూ మంజూరయ్యాక ఇంకా ఈ ఏడుపేమిటండీ?"

మాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మాలో ఎవరికి లేదు గనక ఆ ఏడుపు! మాస్టారు తమ మేనకోడలి ఊళ్లో ఆ రోజుల్లోనే నడుస్తున్న సంగతి ఒకటి ఎత్తుకున్నారు.

అది లేసు అల్లే ఊరు. సముద్రం అవతలి దేశం మన సరుకు మీద సుంకం పెంచేసరికి లేసు దుప్పట్లన్నీ షావుకారు గోడౌన్లోనే ఉండిపోయాయి. ఇళ్లలో సూదులు మూలపడ్డాయి. అప్పుడు ప్రభుత్వం, నూలు మేమిస్తాం, లేసు పువ్వులల్లి ఇవ్వండి, మేమే కొంటాం అంది. ఒకటే షరతు, అన్ని పువ్వులూ ఒకే కొలతకి రావాలి. పదిమంది అల్లిన పువ్వుల్ని కలిపి అతికితేనే ఒక దుప్పటి అవుతుంది. ఒకరి పువ్వులు చిన్నవైతే దుప్పటంతా ముడతలు పడుతుంది. అందుకని, మొదటి విడతలో కొలత తప్పినవాళ్లకి రెండో విడత నూలు రాదు.

మంగతాయారు, వరహాలమ్మ ఎదురెదురు ఇళ్లవాళ్లు. మంగతాయారు భర్త కొబ్బరిచెట్టు మీంచి పడి మంచాన ఉన్నాడు. ఆవిడ సూది ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. తీరా చూస్తే మొదటి జాబితాలో వరహాలమ్మ పేరుంది, ఈవిడ పేరు లేదు. ఇక చూస్కోండి! "దానికి సూది పట్టుకోవడం నేర్పిందే నేను, నూలు దానికా!" అని పది రోజులు వీధంతా వినేలా తిట్టిపోసింది. పదకొండో రోజు ఈవిడకీ నూలొచ్చింది, సరిగ్గా అంతే వచ్చింది. అయినా మంట చల్లారలేదు. గుమ్మంలో కూర్చుని అల్లుతోందన్న మాటే గానీ చూపంతా ఎదురింటి అరుగు మీదే. అక్కడ వరహాలమ్మ ఒక పువ్వు ముగించి బుట్టలో వేస్తే ఇక్కడ ఈవిడ పళ్లు కొరికేది.

అప్పగించే రోజు రానే వచ్చింది. ఆఫీసరమ్మ ఒక్కో పువ్వు మీదా కొలత అట్ట పెట్టి చూసింది. మంగతాయారు పువ్వులన్నీ గోరంత చిన్నవి. దారం బిగలాగేసినట్టు అల్లిక ముడుచుకుపోయింది. ముప్ఫై ఏళ్లుగా అల్లుతున్న చెయ్యి! బుట్ట అడుగున మాత్రం ఒక పది పువ్వులు అట్టకి అచ్చంగా సరిపోయాయి.

"ఇవెప్పుడు అల్లారమ్మా?" అంది ఆఫీసరమ్మ.

మంగతాయారు తల దించుకుంది. "వరహాలమ్మ కూతురి పురిటికని ఊరెళ్లిందండీ. ఆ రెండ్రోజుల్లో."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. వరహాలమ్మ మాత్రం నవ్వలేదు. "మా వదిన చేతిలో లోపం లేదమ్మా. నూలేం పాడవలేదు కదా, విప్పి మళ్లీ అల్లుతుంది. కాస్త గడువివ్వండి" అని బతిమాలింది. మూడు రోజులిచ్చారు. ఆ మాటసాయానికి మంగతాయారు కరిగిపోయిందనుకుంటున్నారా? మంట రెట్టింపైంది. ఎవరి ముందు చెయ్యి చాచకూడదనుకుందో, ఆవిడే తన తరఫున చెయ్యి చాచిందే!

"ఇప్పుడైనా కొలత కుదిరిందా మాస్టారూ?" పేర్రాజు ఆత్రంగా అడిగాడు.

"నిన్న మొదటి రోజు. ఎదురిల్లు కంట పడకూడదని పెరట్లోకి పోయి, గోడకేసి తిరిగి కూర్చుని అల్లింది. అవీ చిన్నవే వచ్చాయి."

"గోడకేసి తిరిగినా?"

"అరుగు మీద ఎవరున్నారో ఆవిడకి తెలుసుగా నాయనా," అన్నారు మాస్టారు. "ఇంకా రెండు రోజులుంది."