అడ్డం తిప్పే హక్కు

ఒకానొక రాజ్యంలో, పేరు ఏదైతేనేం గాని, జనానికి బొమ్మల పేకముక్కలాటంటే మహా పిచ్చి. ఇప్పుడు ఫోనుల్లో ఇలాంటి ఆటలు తయారుచేసేవాళ్ళు 'ఈ ఉపాయం నాదంటే నాది' అని కోర్టుకెక్కుతున్నారు చూడండి, అదే తగువు అప్పుడూ వచ్చింది.

ఆస్థాన చిత్రకారుడు ముద్దరాజు ఒక ఆట తయారుచేశాడు. బజారులో బొమ్మలు వేసే వీరేశం ఇంకొకటి చేశాడు. బొమ్మలు వేరు, కథలు వేరు. కానీ రెండింట్లోనూ వాడేసిన ముక్కను అడ్డంగా తిప్పి పెట్టాలి. మళ్ళీ వాడకుండా గుర్తన్నమాట.

"అది నా ఉపాయం ప్రభూ!" అని ముద్దరాజు మొరపెట్టుకున్నాడు.

గజభూపతి మహారాజు మీసం దువ్వి, రాగిరేకు మీద శాసనం చెక్కించాడు. వాడినదాన్ని అడ్డం తిప్పి గుర్తుపెట్టే హక్కు ముద్దరాజుదే, రాజ్యంలో ఇంకెవరూ అలా చేయరాదు. వీరేశం ముక్కలన్నీ మర్నాడు సాయంత్రం కాల్చేయాలి.

వీరేశంది మూడేళ్ళ కష్టం!

కొలువులో విన్నపాలు చదివే రాయసం ఎర్రయ్య, "ఒక్కసారి ఆలోచించండి ప్రభూ" అన్నాడు.

"మేం ఆలోచించాకే మాట్లాడతామయ్యా! అక్షరం పొల్లుపోకుండా అమలు చెయ్యి."

"చిత్తం."

మర్నాడు ఎర్రయ్య కట్టలోంచి ఒక తాటాకు తీసి చదివాడు. ఎవరిదో గేదె పొరుగువాడి చేను మేసిందట.

"పది రోజుల పాలు ఆ చేనువాడికి పోయమను" అన్నాడు రాజు.

ఎర్రయ్య ఆకును కట్టలో పెట్టి, మళ్ళీ అదే తీసి చదివాడు. రాజు కునికిపాట్లు పడుతున్నాడు. "కంచె వేసుకోనివాడిదే తప్పు! పొమ్మను."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. మూడోసారీ అదే గేదె వచ్చేసరికి రాజు లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా, మాతో వేళాకోళమా? విన్నదే ఎన్నిసార్లు వినిపిస్తావ్?"

"విన్నదని గుర్తేది ప్రభూ? తీర్పయిన ఆకును అడ్డంగా తిప్పి పెట్టేవాణ్ణి. మీ తాతగారి కొలువులో మా తాతా అంతే చేసేవాడు. నిన్నటి నుంచి ఆ హక్కు ముద్దరాజుగారిది కదా!"

రాజు ముద్దరాజు వైపు తిరిగాడు. "నిజం చెప్పు. నీకీ ఉపాయం ఎలా తట్టింది?"

ముద్దరాజు దొంగ కాడండోయ్. ఎక్కడో చూసింది మరిచిపోయి, మన బుర్రలోదే అనుకోవడం మనందరికీ ఉన్నదే.

"ఇక్కడే ప్రభూ..." అన్నాడు తల దించుకుని. "ఎర్రయ్యగారి చేతులు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు గుర్తొస్తోంది."

రాజు పగలబడి నవ్వాడు. "మా కొలువు అలవాటునే నీకు రాసిచ్చి, ఒకే గేదెకు రెండు తీర్పులు చెప్పామా! ఎవరి బొమ్మలు వాళ్ళవి. తిప్పడం అందరిదీ. ఆ రేకు కరిగించండి!"

భుజం మీది పట్టుశాలువా తీసి ఎర్రయ్యకు కప్పాడు.

కోట ముందు కట్టెల మీద పేర్చిన ముక్కల పెట్టెలు దింపుకోవడానికి వీరేశం పరుగెత్తాడు. బరువైన పెట్టెకు రెండోవైపు చేయి వేసి పట్టింది ముద్దరాజే.