చేప పడని గవ్వడు

అనగనగా ఒక తెల్లవారుజాము. గాలి లేదు. సముద్రం మీద మంచు దట్టంగా దిగింది.

ఆ సముద్రం ఒడ్డున ఉప్పుమొగ అని చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఊరి పక్కనే ఒక ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. అలా కలిసే చోటుని మొగ అంటారు. మొగకు ఇటొక బండ, అటొక బండ. పడవలు ఆ రెండింటి నడుమ నుంచే ఇంటికి రావాలి. ఎండ ఉంటే కళ్ళు దారి చూపుతాయి. మంచు దిగితే గవ్వడు చూపుతాడు.

గవ్వడు ఒక కుక్క. తెల్లటి ఒళ్ళు, వీపు మీద పసుపు మచ్చ. తెడ్డు చప్పుడు మనిషి చెవికి అందక ముందే వాడి చెవికి అందేది. మొగ దగ్గర ఇసుక మీద నిలబడి మొరిగేవాడు. ఆ మొరుగు వినిపించిన వైపు పడవ తిప్పితే బండలు తప్పిపోయేవి. అంతకు ముందు ఊరివాళ్ళు డప్పు కొట్టి చూశారు. కేకలు వేసి చూశారు. కెరటాల హోరులో అవేవీ నిలవలేదు. గవ్వడి గొంతు నిలిచింది.

వాడు ఊరందరి కుక్క. పడుకునేది మాత్రం నూకరత్నం గడపలో. ఆమె మొగుడు ఎల్లాజీ, కొడుకులు తాతాలు, సింహాద్రి, ముగ్గురూ ఒకే పడవలో వేటకు పోతారు.

ఆ తెల్లవారుజామున గవ్వడు మొరగలేదు.

నూకరత్నం ఒడ్డుకు పరుగెత్తింది. గవ్వడు ఇసుకలో కూలబడి ముందుకాలు కొరుక్కుంటున్నాడు. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా రేగి ఉంది. ఆమె పిలిచేలోపే ధడేలుమని చప్పుడైంది. ఎల్లాజీ పడవ బండకు తగిలింది. అంచు చీలి, సింహాద్రి నీళ్ళలో పడ్డాడు. తాతాలు తమ్ముడి జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

బతికారు. నూకరత్నం ముగ్గురినీ పేరుపేరునా లెక్కపెట్టుకుంది.

ఆ రోజుల్లో కుక్కల మాట మనుషులకు తెలిసేదట. ఆమె గవ్వడి ముందుకొచ్చి చెయ్యెత్తింది.

"ఎందుకు మొరగలేదురా?"

"దురదమ్మా. కాళ్ళలో నిప్పులు పోసినట్టుంది. నోరు అక్కడికే పోయింది."

"ఎందుకొచ్చింది ఆ దురద?"

"తెలిస్తే నీకు చెప్పనా?"

ఎత్తిన చెయ్యి దిగిపోయింది. ఆ చేత్తోనే వాడి కాలు పట్టుకుని చూసింది.

గవ్వడికి ఒంట్లో బాగాలేదంటే ఊరు ఊరుకుంటుందా? ముందుగా పొరుగింటి అప్పాయమ్మ వచ్చింది.

"నీరసం వదినా, నీరసం! ఒంట్లో బలం లేకే ఆ దురద. ఉండు, రొయ్యలు తెస్తాను."

గవ్వడు లొట్టలేసుకుని తిన్నాడు. మర్నాటికి చెవులు కూడా గోక్కోవడం మొదలెట్టాడు.

తర్వాత గంగులు తాత వచ్చాడు. "తోలు ఎండిపోయింది. పడవకు పూసే సొరచేప నూనె కుక్కకు పూస్తే తప్పేటి?"

పూశాడు. గవ్వడు ఒళ్ళంతా నాక్కున్నాడు. పొట్ట కింద పొక్కులు లేచాయి.

"పడవలెప్పుడూ గోక్కోలేదే!" అని తాత ఆశ్చర్యపోయాడు.

ఆఖరికి ఊరిపెద్ద సోమన్న తానే వచ్చాడు. వంజరం చేప తలకాయ ఉడికించిన పులుసు చట్టిలో పట్టుకొచ్చి, తన చేత్తో తాగించాడు. మర్నాటికి గవ్వడి తోక మొదట్లో బొచ్చు ఊడి చర్మం బయటపడింది.

నూకరత్నం వాడి కాళ్ళకు గుడ్డలు కట్టింది. కొరికి పారేశాడు. ఒకనాడు ఎల్లాజీ కొత్తగా పేనిన తాడుని ముక్కలు ముక్కలు చేశాడు.

"తాడు నీకేం చేసిందిరా?"

"ఏమీ చెయ్యలేదమ్మా. నా కాలికి బదులు దాన్ని కొరికాను."

ఆమె మొగుడి చేతిలోని కర్ర లాక్కుని అవతల పారేసింది.

సోమన్న ఊరిని కూర్చోబెట్టాడు.

"అమ్మా రత్నం, వాడంటే నాకూ ప్రాణమే. కానీ అది గజ్జి అయితే? పిల్లలు వాణ్ణి కావలించుకుని పడుకుంటున్నారు. పైగా మొరగని కుక్కను నమ్మి మంచులోకి పడవలు ఎలా పంపను? వేట ఆపే కాలం వచ్చింది. మళ్ళీ పడవలు నీళ్ళలో దిగేసరికి వాడికి తగ్గితే సరే. లేదంటే ఏరు దాటించి వదిలేద్దాం."

ఏటి అవతల అంతా పొదలు, నక్కలు. జబ్బు కుక్క అక్కడ బతకదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఎవరూ వల దించరు. పడవలు ఒడ్డెక్కుతాయి. ఇళ్ళల్లో చోడి అంబలి, అంటే రాగి జావ, కాగుతుంది. దాచిన ఎండుచేప మనుషులకే చాలదు, ఇక కుక్క వంతుకు అంబలే.

నూకరత్నం రోజూ గవ్వడి గిన్నెలో అంబలి పోసింది. వాడు మొహం ముడుచుకుని తాగాడు.

కొన్నాళ్ళకు గోక్కోకుండా నిద్రపోయాడు. ఇంకొన్నాళ్ళకు పొక్కులు మాడిపోయాయి. వేట కాలం దగ్గర పడేసరికి తోక మీద కొత్త బొచ్చు మొలిచింది. పీతలను తరుముతూ ఒడ్డంతా పరుగులు పెట్టాడు.

"నా రొయ్యల బలం ఇప్పటికి పట్టింది!" అంది అప్పాయమ్మ.

"నూనె కదా, మెల్లగా ఇంకుద్ది మరి" అన్నాడు గంగులు తాత.

సోమన్న మీసం దువ్వుకుని, "వంజరం తలకాయ ఊరికే పోతుందా?" అన్నాడు.

నూకరత్నం గవ్వడి వీపు నిమిరింది. బతికిపోయాడు, అదే చాలనుకుంది.

వేట మొదలైంది. వలల నిండా చేపలు పడ్డాయి. మొదటి చేప గవ్వడికే అంటూ ప్రతి పడవా ఒకటి పెట్టింది. నెత్తళ్ళు, కానాగంతలు, రొయ్యలు. వాడు పొట్ట ఇసుకకు తగిలేలా తిన్నాడు. మిగతా రోజుల్లోనూ ఎవరూ తగ్గలేదు.

వారం తిరక్కుండానే నూకరత్నానికి ఆ చప్పుడు వినబడింది. గవ్వడు కాలు కొరుక్కుంటున్న చప్పుడు.

ఆమె వాడి పక్కన కూలబడింది. వాడి కాలు చూసింది. సముద్రం చూసింది. గాలి అదే, ఇసుక అదే, నీళ్ళూ అవే. పక్కనున్న గిన్నె చూసింది. గిన్నెలో చేప తలకాయలున్నాయి.

"ఏరా, అంబలి తాగినన్నాళ్ళూ దురద ఉందా?"

"లేదమ్మా."

"అంతకు ముందు?"

"ఉంది."

"ఇప్పుడు?"

గవ్వడికి ఆమె మాట ఎటు పోతుందో తెలిసిపోయింది. చెవులు వాలిపోయాయి.

"అమ్మా, ఆ మాట మాత్రం అనకు."

అప్పటికే కబురు ఊరంతా పాకింది. సోమన్న మనుషులు వచ్చి గవ్వడి మెడకు తాడు కట్టి, ఏరు దాటించే పడవ దగ్గరకు తీసుకుపోయారు. నూకరత్నం వెనకే వెళ్ళింది.

"మావయ్యా, ఆగండి. అది గజ్జి కాదు. వాడికి చేప పడదు."

ఒడ్డు మీద నవ్వులు లేచాయి.

"సముద్రం ఒడ్డున పుట్టిన కుక్కకు చేప పడదా! రేపు చేపకు నీళ్ళు పడవంటుంది" అన్నాడు ఒకడు.

సోమన్న నవ్వలేదు. "అమ్మాయ్, ఈ మాట ఊరు దాటితే వర్తకులు మన గట్టు తొక్కుతారా? మనకు అన్నం పెట్టే చేపను విషమంటావా?"

"చేప మంచిదే మావయ్యా. వాడికి పడదు. పనసపండు తింటే మా తాతాలుకు పెదాలు వాస్తాయి. అందుకని పనసచెట్టు నరికామా? వాడికి పండు పెట్టడం మానేశాం."

నవ్వులు ఆగాయి.

"మంచు కాలం దాకా గడువివ్వండి. వాడి గిన్నె నేనొక్కదాన్నే నింపుతాను. ప్రేమ కొద్దీ కూడా ఎవరూ ఏమీ పెట్టకండి. అప్పటికీ తగ్గకపోతే నేనే ఏరు దాటిస్తాను."

"నీకెందుకమ్మా ఇంత పట్టుదల?"

ఆమె వచ్చి గవ్వడి పక్కన నిలబడింది.

"బండకు తగిలింది మా పడవ. నీళ్ళలో పడింది నా బిడ్డ. వాణ్ణి ఉంచమని అడుగుతున్నదీ నేనే."

సోమన్న వంగి తాడు విప్పాడు.

గిన్నె నింపడం సులువే. ఊరి ప్రేమను ఆపడమే కష్టం. అప్పాయమ్మ కొంగు చాటున రొయ్యలు తెచ్చి, "ఒక్కటేరా, మీ అమ్మకు చెప్పనులే" అంది. గవ్వడు లేచి అవతలి గోడ నీడకు పోయాడు. గంగులు తాత వలలోంచి జారిన చేపను చూడనట్టు నటించాడు. గవ్వడు దాన్ని కాలితో నీళ్ళలోకి నెట్టాడు.

ఇక ఒడ్డంతా నెత్తళ్ళు ఎండబోసిన రోజున, అన్నిటికన్నా పెద్ద పరీక్ష వచ్చింది. కాకులు వాలుతున్నాయి. కాపలా ఉండేవాళ్ళు లేరు.

"అమ్మా, నేనుంటాను."

నూకరత్నం వాడి కళ్ళలోకి చూసింది. "ఉండగలవా?"

"వాసన చూడొచ్చా?"

"చూడు."

గవ్వడు ఒక నెత్తలి మీద ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, గుండె నిండా వాసన పీల్చాడు. పెద్ద నిట్టూర్పు విడిచాడు. లేచి కాకుల మీదకు ఉరికాడు. పొద్దు వాలేదాకా ఒక్క చేపా తగ్గలేదు.

దూరం నుంచి చూస్తున్న గంగులు తాత అన్నాడు: "మనకు పూట చేప లేకపోతే ఇంట్లో రెండు పూటలు పోట్లాట. వీడు చూడండర్రా!"

ఆ రోజు నుంచి ఎవరూ వాడికి చాటుగా ఏమీ పెట్టలేదు. వాడి ముందు తినడానికి కూడా సిగ్గుపడి, అటు తిరిగి తినేవాళ్ళు. గవ్వడు అంబలి తాగాడు, గుడ్డు పెడితే తిన్నాడు. కాళ్ళు నునుపు తేరాయి. బొచ్చు పట్టులా మెరిసింది.

మంచు కాలం వచ్చింది. ఒక వేకువన మంచు ఎంతగా దిగిందంటే, చాచిన చెయ్యి కనబడలేదు. పడవలన్నీ సముద్రంలోనే ఉన్నాయి. ఊరంతా ఒడ్డున చేరింది.

గవ్వడు మొగ దగ్గర నాలుగు కాళ్ళూ ఇసుకలో పాతుకుని నిలబడ్డాడు. చెవులు నిక్కించాడు. ఎవరికీ ఏమీ వినబడక ముందే మొరిగాడు.

మొరుగుతూనే ఉన్నాడు. ఒక పడవ మంచులోంచి బయటపడింది. ఇంకొకటి వచ్చింది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. కాలి వైపు తలైనా తిప్పలేదు. అన్నిటికన్నా చివర సోమన్న పడవ, బండల నడుమ నుంచి నెమ్మదిగా ఏట్లోకి జారింది.

సోమన్న దిగి, తడి బట్టలతోనే నూకరత్నం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మేం పెట్టాం. నువ్వు చూశావు" అన్నాడు.

ఆమె వినలేదు. ఒడ్డెక్కిన తనవాళ్ళను లెక్కపెడుతూ ఆమె పెదాలు కదులుతున్నాయి. ఎల్లాజీ వచ్చాడు. తాతాలు వచ్చాడు. సింహాద్రి వచ్చాడు, జుట్టు కూడా తడవకుండా వచ్చాడు. ఆఖరికి వంగి, రొప్పుతూ కాళ్ళ దగ్గర చేరినవాడి తల మీద చెయ్యి వేసింది.

"గవ్వడు" అని లెక్క ముగించింది.

పిల్లలూ, ప్రేమతో పెట్టడం మంచిదే. పెట్టింది తినేవాళ్ళ ఒంటికి పడుతోందో లేదో చూసుకునే ప్రేమే ప్రాణం నిలబెడుతుంది.